క్యారేజీలో కారముంది, పప్పేది?

జనవరి నుంచి మార్చి దాకా పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతల కాలం. తెల్లారకముందే ఆటోలు వచ్చి రామాలయం దగ్గర ఆగుతాయి. ఒక్కో ఆటోలో పదీ పన్నెండు మంది ఆడవాళ్లు సర్దుకుని కూర్చుంటారు, ఒళ్లో స్టీలు క్యారేజీలతో. ఎండ నడినెత్తికి వచ్చే వేళ చేను గట్టున వేపచెట్టు కింద ఆ క్యారేజీలు విప్పుతారు. ఏది చూసినా దాదాపు ఒకటే వరస. కింది గిన్నె నిండా అన్నం, పై గిన్నెలో గోంగూర పచ్చడో పండుమిరప పచ్చడో, మరో దాంట్లో పలచటి చారు. ఆ వారం కూలి డబ్బులు చేతికొచ్చి ఉంటే కోడిగుడ్డు పులుసు. పప్పు తెచ్చుకున్నవాళ్ల గిన్నెలోనూ గరిటె అడుగుదాకా పెడితే తప్ప పప్పు బద్ద తగలదు.

అదే రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో చూస్తే ప్రొటీన్ అనే మాట గోడలకెక్కి కనిపిస్తుంది. జిమ్ముల బయట బోర్డుల మీద, మందుల షాపు అద్దాల వెనక నల్ల డబ్బాల మీద, ఆఖరికి బిస్కెట్ల పొట్లాల మీద కూడా. ఒక్క డబ్బా ఖరీదు కోత కూలీకి వారం రోజుల సంపాదన. కొనేవాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు, ఎవరి డబ్బు వాళ్లది. కానీ పప్పుధాన్యాలు పండే నల్లరేగడి నేలలో మాంసకృత్తుల గురించి జరగాల్సిన చర్చ డబ్బాల దగ్గరే ఆగిపోవడం అన్యాయం. ఈ ప్రాంతంలో లోటు పంటకు లేదు, వంటకూ లేదు. పండిన పప్పు పండించిన చోటి కంచంలోకి రావడం లేదు. దానికి సగం కారణం రేషన్ పద్ధతి, సగం కారణం కారం.

కారం మాట తర్వాత. ముందు మనిషికి ఎంత కావాలో చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. అంటే 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు. ఇదేమంత పెద్ద లెక్క కాదు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే కూలీకి ఆ బియ్యం నుంచే 30 గ్రాములకు పైగా వస్తుంది, ఎందుకంటే బియ్యంలో నూటికి ఎనిమిది పాళ్ల దాకా మాంసకృత్తులే. అన్నంలో పిండిపదార్థం తప్ప ఇంకేం లేదని చెప్పేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు.

అయితే ఆ ముప్ఫై గ్రాములు పూర్తిగా ఒంటికి పట్టవు. మాంసకృత్తులు కట్టే ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పుల్లో దండి. మెథియోనిన్ పప్పుల్లో తక్కువ, బియ్యంలో సరిపడా ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. అందుకే 2024లో అదే సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 250 గ్రాముల ధాన్యానికి 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉండాలని చెప్పాయి. ధాన్యం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు అన్నమాట. వేపచెట్టు కింద విప్పిన క్యారేజీలో ఆ నిష్పత్తి పదికి ఒకటి ఉన్నా గొప్పే.

ఇక కారం సంగతి. గుంటూరు వాళ్లతో కారాన్ని తప్పుపడుతూ మాట్లాడటం కొరివితో తల గోక్కోవడమే. అయినా తప్పదు. కారానికి ఉన్న గుణం ఏమిటంటే అది అన్నాన్ని ఇట్టే దింపేస్తుంది. నిమ్మకాయంత పచ్చడితో, చెంచాడు నూనెతో పళ్లెం నిండా అన్నం తినొచ్చు. నాలుక తృప్తి పడుతుంది, కడుపు నిండుతుంది, కూర వండలేదన్న లోటు తెలియదు. పేదింట్లో పచ్చడి చేసే మేలు అదే, కీడూ అదే. కూర కొనలేని రోజు పచ్చడి ఆదుకుంటుంది. అలా ఆదుకోవడం రోజువారీ అలవాటయ్యాక పప్పు ఎప్పుడు తప్పుకుందో ఇంట్లో ఎవరూ గమనించరు. మిరపను పండించే చోట, కోసే చోట, తాలు కాయ ఊరికే దొరికే చోట ఈ అలవాటు ఇంకా తొందరగా పాతుకుపోయింది.

ఇది అనాదిగా ఉన్న తిండి కాదు. మిరప ఈ దేశానికి పోర్చుగీసు వాళ్ల రాకతో అమెరికా ఖండాల నుంచి వచ్చింది. కంది, పెసర, మినుము, ఉలవ మాత్రం ఇక్కడి నేలవి. పల్నాడు ఒకప్పుడు జొన్న తినే సీమ. శ్రీనాథుడివిగా చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద ఆ మహాకవి విసుగంతా కనిపిస్తుంది. వరి అన్నం, రాజభోగాలు మరిగిన ఆయనకు జొన్న గొంతు దిగలేదు పాపం. కానీ ఆ జొన్న చేలో సాళ్ల మధ్య కంది ఉండేది, పక్కన అనుములో అలసందలో పాకేవి. ఇంట్లో జొన్నన్నం ఉందంటే పక్కన పప్పో పులుసో ఉండేది. జొన్నలోనూ లైసిన్ లోటే, అయినా చేలో కలిసి పండినవి కుండలో కలిసేవి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టకు వరిని తెచ్చింది. ఆ వెనకే పత్తి, మిరప ఊళ్లకు ఊళ్లనే ఆక్రమించాయి. చేతిలో డబ్బు ఆడింది, మిద్దెలు లేచాయి, పిల్లలు ఇంజినీరింగ్ చదివారు. ఆ సంగతి కాదనలేం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలీ ఇంట్లోనూ మూడు పూటలా వరి అన్నమే అయింది. ఆకలి తగ్గింది. అంతర పంట కూడా తగ్గింది. పత్తి చేలో పత్తి తప్ప మరో మొక్క కనిపిస్తే కలుపు కింద లెక్కేసే రోజులొచ్చాయి. 1987–88లో తెల్లదోమ విరుచుకుపడి ప్రకాశం, గుంటూరు పత్తి రైతుల ఉసురు తీసింది. ఒకే పంటను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది గానీ, గట్ల మీదికి కంది అంత తొందరగా తిరిగి రాలేదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, చుట్టూ కొన్ని సాళ్లు బీటీ కాని మొక్కలు వేయాలని షరతు పెట్టారు. కాయతొలుచు పురుగు బీటీ విషానికి అలవాటు పడకుండా ఉండేందుకు ఆ సాళ్లు దానికి ఆశ్రయం. తర్వాత్తర్వాత కొన్ని కంపెనీలు ఆ ఆశ్రయ విత్తనంగా కంది గింజల పొట్లం ఇచ్చాయి, కందిని కూడా ఆ పురుగు తింటుంది కాబట్టి. అంటే ఆ కంపెనీల పత్తి సంచీ కొన్న ప్రతి రైతుకూ ఇంటి పప్పుకు కావాల్సిన విత్తనం ఊరికే చేతిలో పడింది. చాలామంది ఆ పొట్లాన్ని విప్పనే లేదు. గట్టు వెంట వేసినవాళ్లకు మాత్రం పురుగు తిన్నది పోగా మిగిలినవి ఇంటికి కందులయ్యాయి.

పరిశోధన లేక పంట పోయిందనడానికీ వీల్లేదు. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం అనే పరిశోధన కేంద్రం పేరు పప్పుధాన్యాల రైతులకు కొత్త కాదు. ఎల్‌బీజీ అని మొదలయ్యే మినుము రకాల్లో ఎల్ అంటే లాం. ఎల్‌ఆర్‌జీ కందులు, ఎల్‌జీజీ పెసలు కూడా అక్కడివే. ఎల్‌ఆర్‌జీ-30 అనే కంది రకానికి పల్నాడు అనే పేరే పెట్టారు. తెనాలి, రేపల్లె వైపు మాగాణి మినుము మరో విశేషం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి పొలంలో మినుములు చల్లితే దున్నకుండా, నీరు పెట్టకుండా, ఉన్న పదునుతోనే పంట చేతికొస్తుంది. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి ఆ పంటను దెబ్బతీశాయి. చాలాచోట్ల దాని స్థానంలోకి మొక్కజొన్న వచ్చింది. మొక్కజొన్న కోళ్ల దాణాకు పోతుంది, కోడి గుడ్డు పెడుతుంది, కాబట్టి మాంసకృత్తులు పూర్తిగా పోయాయని అనలేం. ఇడ్లీ పప్పు ధర చూసినప్పుడు మాత్రం మినుము గుర్తొస్తుంది.

ప్రకాశం కథ ఇంకా గొప్పది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగళ్లలో పొగాకు, పత్తి రాజ్యమేలిన చోట శనగ వచ్చి కూర్చుంది. 2000–01లో పొగాకుకు పంట విరామం ప్రకటించడం కొందరు రైతులను శనగ వైపు తోసింది. అదే సమయానికి జేజీ-11 అనే ఎర్ర శనగ, కాక్-2 అనే తెల్ల శనగ రకాలు అందుబాటులోకి వచ్చాయి. రెండూ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల కృషితో ముడిపడినవే. తక్కువ రోజుల్లో కోతకొస్తాయి, ఎండు తెగులును తట్టుకుంటాయి, శీతాకాలపు మంచు, నేలలోని పదును చాలు. శనగ అంటే చలి ఎక్కువుండే ఉత్తరాది పంట అనుకున్న దేశానికి ఆంధ్ర రైతు కొత్త పాఠం చెప్పాడు. ఉమ్మడి ప్రకాశంలో పర్చూరు, ఇంకొల్లు, నాగులుప్పలపాడు వైపు కాక్-2 బస్తాలు ధర కోసం కోల్డ్ స్టోరేజీల్లో నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా ఎదురుచూసిన సంగతి జిల్లాలో అందరికీ తెలిసిందే. మాంసకృత్తులు నూటికి పందొమ్మిది పాళ్లున్న గింజ శీతల గిడ్డంగిలో, దాన్ని కోసిన కూలీ క్యారేజీలో పచ్చడి మెతుకులు. రైతుకు ధర రాలేదు, కూలీకి గింజ రాలేదు.

కంది ధరలు ఆడిన ఆట ఇంకో రకం. 2015 అక్టోబరులో కిలో కందిపప్పు 200 రూపాయలు తాకింది. ఆ ధర చూసి దేశమంతా కంది వేసింది. ఐక్యరాజ్యసమితి పప్పుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2016లో మన ప్రభుత్వం మొజాంబిక్‌తో కందుల దిగుమతికి ఒప్పందం చేసుకుంది. 2016–17లో దేశంలో 48 లక్షల టన్నులకు పైగా కంది పండింది, అప్పటిదాకా ఎన్నడూ లేనంత. మద్దతు ధర క్వింటాలుకు 5,050 ఉంటే చాలా మార్కెట్లలో 4,000 కూడా పలకలేదు. కొనేటప్పుడు కూలీ నష్టపోయాడు, అమ్మేటప్పుడు రైతు నష్టపోయాడు. మధ్యలో ఎవరు బాగుపడ్డారో మిల్లుల వీధికి వెళితే తెలుస్తుంది.

ఇప్పుడు రేషన్ కార్డు లెక్క చూడాలి. 2013 ఆహార భద్రతా చట్టం కింద వచ్చేది బియ్యం, గోధుమ, చిరుధాన్యాలే. నెలకు మనిషికి అయిదు కిలోలు. 2023 జనవరి నుంచి అవి ఉచితం. పప్పు ఆ చట్టంలో లేదు. రాష్ట్రం తన వంతుగా కార్డుకు కిలో కందిపప్పు రాయితీ మీద ఇస్తుంది, అదీ కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. వచ్చిన నెలే తీసుకుందాం. నలుగురున్న ఇంట్లో కిలో పప్పు ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 33 గ్రాములు, తలకు ఎనిమిది గ్రాములు. అందులో మాంసకృత్తులు రెండు గ్రాములకు లోపు. పోషకాహార సంస్థ చెప్పిన 85 గ్రాముల లెక్కన ఆ ఇంటికి నెలకు కావాల్సింది పది కిలోలు. పదింట ఒక వంతు ఇచ్చి, అదీ ప్రతినెలా ఇవ్వకుండా, పోషణ అభియాన్ గోడల మీద బొమ్మలు వేస్తే పిల్లల ఎత్తు పెరగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–20 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దానికి మాంసకృత్తుల లోటు ఒక్కటే కారణం కాదు. మంచినీళ్లు, విరేచనాలు, తల్లి ఆరోగ్యం, చిన్న వయసు పెళ్లిళ్లు అన్నీ ఉన్నాయి. అయినా కంచంలో పప్పు, గుడ్డు, పాలు లేని పిల్లవాడు మిగతావి అన్నీ బాగున్నా ఎదగడు.

పక్క రాష్ట్రం తమిళనాడు 2007 నుంచీ కార్డుకు నెలకు కిలో కందిపప్పు రాయితీ మీద ఇస్తోంది. అదీ కిలోనే, అది చాలదు. కానీ పదిహేనేళ్లకు పైగా నడిపించవచ్చని ఆ రాష్ట్రం నిరూపించింది. కంది పండే ఆంధ్రప్రదేశ్‌లో అది కుదరదని అధికారులు చెబితే నమ్మడం కష్టం.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. ఇంట్లో సంగతులూ కొన్ని ఉన్నాయి. ‘పప్పు తింటే చీము పడుతుంది’ అనే మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. ఆపరేషనైనా, కాలికి దెబ్బ తగిలినా, బాలింత అయినా ముందు మానిపించేది పప్పునే. కానీ పుండు మానాలంటే కొత్త కణజాలం కావాలి, అది మాంసకృత్తులతోనే తయారవుతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు దాదాపు 17 గ్రాములు అదనంగా కావాలని పోషకాహార సంస్థ చెబుతుంటే, పెద్దవాళ్లు వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నంతో నెలలు గడిపిస్తారు. వెల్లుల్లి కారంలో తప్పేం లేదు, దాని పక్కన గిన్నెడు పప్పు ఎందుకు లేదన్నదే ప్రశ్న. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, కందిపప్పు వల్ల కాదు. ఈ ముక్క ప్రసవం వార్డులో నర్సమ్మ చెబితే వినే అత్తలున్నారు, పత్రికలో రాస్తే వినేవాళ్లు తక్కువ.

మంచం పట్టిన మనిషిని చూడటానికి వెళ్లేవాళ్లు బత్తాయిలతో పాటు పట్టుకెళ్లే డబ్బా ఇంకో ముచ్చట. పాలల్లో కలుపుకునే మాల్టు పొడులు చాలా వాటిలో నూరు గ్రాములకు మాంసకృత్తులు 7 నుంచి 12 గ్రాములు మించవు. మిగిలింది ఎక్కువగా పిండి, చక్కెర. రెండు చెంచాల పొడి వేస్తే వచ్చేది మహా అయితే మూడు గ్రాములు. ఒక్క ఉడికించిన గుడ్డులో ఆరు గ్రాములకు పైగా ఉంటుంది. గుప్పెడు వేరుశనగల్లో ఏడు. గ్లాసు గేదె పాలల్లో ఏడు గ్రాములకు పైనే. పొడి కలిపిన పాలు మంచివే, ఎందుకంటే అందులో పాలున్నాయి. జిమ్ములో వాడే వే ప్రొటీన్ పొడి సంగతి వేరు, అందులో నిజంగానే దండిగా ఉంటుంది. అయినా 2024 మార్గదర్శకాలు ఆ పొడులు మామూలు మనుషులకు అవసరం లేదని, చక్కెరలు, కృత్రిమ రుచులు కలిసినవి ఎక్కువకాలం వాడితే మంచిది కాదని హెచ్చరించాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లయితే డబ్బా మాట అటుంచి, పప్పు ఎంత తినాలో కూడా డాక్టర్‌నే అడగాలి.

గుంటూరు వంటలో ఈ చిక్కుకు సమాధానం ఎప్పటినుంచో ఉంది. కందిపచ్చడి అందుకు మంచి సాక్ష్యం. అరకప్పు కందిపప్పును నూనె లేకుండా సన్నసెగ మీద వేయించాలి. తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పప్పు దోరగా ఎర్రబడి కమ్మటి వాసన రాగానే దింపేసి, అదే మూకుడులో నాలుగు ఎండు మిరపకాయలు, జీలకర్ర వేయించి, నానబెట్టిన చింతపండు, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు కలిపి రోట్లో నూరాలి. నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ కాస్త బరకగానే ఉంచాలి. ఇందులో పాలెక్కువ పప్పుది, మిరప రుచికే. వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటే నలుగురికి సరిపోయే ఆ పచ్చడిలో 20 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. అదే అన్నం పండుమిరప పచ్చడితో తింటే పచ్చడి నుంచి వచ్చేది దాదాపు సున్నా. క్యారేజీలో రెండూ పచ్చడిగానే కనిపిస్తాయి, రెండూ మధ్యాహ్నం దాకా పాడవవు. కందిపొడి ఇంకా తేలిక. కందిపప్పు, శనగపప్పు, వేయించిన మిర్చి, జీలకర్ర కలిపి దంచి సీసాకెత్తితే నెల రోజులు ఉంటుంది. గుంటూరులో ఇడ్లీ మీద పరిచే కారప్పొడిలో మినప్పప్పు, శనగపప్పు తగ్గించి మిరపపొడి పెంచుతున్న హోటళ్లను మాత్రం ఒక కంట కనిపెట్టాలి.

ఉలవచారు గురించి కూడా ఓ మాట. పెళ్లిళ్లలో మీగడ వేసుకుని లొట్టలేసే ఆ చారు అసలు ఎద్దుల దాణా నుంచి పుట్టింది. ఉలవలు పొద్దుపోయేదాకా ఉడికించి, గింజలు ఎద్దులకు పెట్టి, ఆ నీళ్లను మనుషులు మరిగించి తాళింపు పెట్టుకున్నారు. రుచి మనకు వచ్చింది, మాంసకృత్తుల్లో సింహభాగం ఎద్దుకు పోయింది. పాపం అది దుక్కి దున్నాలి కాబట్టి న్యాయమే. ఇప్పుడు దున్నేది ట్రాక్టర్. ఉలవలను గుగ్గిళ్లుగా తాళింపు పెట్టుకుని తినడానికి ఇంక అడ్డు ఏమీ లేదు. ఉలవల్లో నూటికి 21 పాళ్లకు పైగా మాంసకృత్తులున్నాయి. అలసందలదీ దాదాపు అదే లెక్క. రెండూ కందిపప్పు కంటే తక్కువ ధరకు దొరుకుతాయి, వర్షం సరిగా లేని మార్కాపురం, కనిగిరి మెట్టల్లో కూడా పండుతాయి. గ్యాస్ పడుతుందని భయపడేవాళ్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మొలకెత్తించి వండుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. పెసరట్టుకు ఈ ఉపదేశం అక్కర్లేదు. పొట్టు తీయని పెసలు నానబెట్టి రుబ్బిన అట్టు రెండు తింటే పొద్దున్నే పది గ్రాములకు పైగా లోపల పడ్డట్టే.

పత్తి నేలలో మాంసకృత్తుల మాట వచ్చినప్పుడు పత్తి గింజను వదిలేయకూడదు. క్వింటాలు పత్తిలో దూది మూడో వంతు, గింజే మూడింట రెండు వంతులు. ఆ గింజలో నూటికి ఇరవై పాళ్లకు పైగా మాంసకృత్తులు. కానీ గాసిపోల్ అనే విషపదార్థం వల్ల మనిషి తినలేడు. నెమరువేసే పశువు కడుపు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. అందుకే నూనె తీసిన పత్తి చెక్క గేదెకు పోతుంది, గేదె పాలు వడ్లమూడి సంగం డెయిరీకో మరో కేంద్రానికో పోతాయి. గేదె ఉన్న చిన్న రైతు ఇంట్లో పిల్లలకు మిగిలేవి ఆఖరి గ్లాసెడు. పాల డబ్బుతో ఇల్లు నడుస్తుంది కాబట్టి ఆ తల్లిని ఏమనగలం? అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి చెందిన కీర్తి రాథోర్ బృందం గింజలో గాసిపోల్ దాదాపు లేని పత్తిని తయారు చేసింది. 2019లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఆ గింజను మనుషులు తినవచ్చని తేల్చింది. దాని ఆకుల్లో, కాండంలో గాసిపోల్ అలాగే ఉంటుంది కాబట్టి మొక్కకు పురుగుల నుంచి రక్షణ పోదు. అది పల్నాడుకు వస్తుందా, ఎప్పుడు వస్తుందన్నది వేరే చర్చ. జన్యుమార్పిడి పంటల మీద ఇక్కడున్న అనుమానాలు ఒక్క రోజులో తీరేవి కావు. చేతిలో ఉన్న కందినే తినని చోట తినే పత్తి గింజ కోసం ఎదురుచూడటం మాత్రం కాస్త విడ్డూరం.

ప్రభుత్వం చేసిన మంచి పనిని కూడా చెప్పాలి. 2020 జనవరిలో బడి భోజనం మెనూ మార్చి వారానికి అయిదు రోజులు గుడ్డు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ చేర్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. గుడ్డు మీద మాత్రం ఎవరూ చేయి వేయలేదు, వేయకూడదు కూడా. కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, కాబట్టి సరఫరా సాకు పనికిరాదు. పిల్లవాడి సంగతి బడి చూసుకుంటోంది సరే, కోతకు వెళ్లే తల్లికి వారానికి ఎన్ని గుడ్లు దక్కుతున్నాయని అడిగే పథకం లేదు. గర్భిణిగా ఉన్న నెలల్లో, బాలింతగా ఉన్న నెలల్లో అంగన్‌వాడీ ఆమెను గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత మరచిపోతుంది.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. కార్డుకు నెలకు రెండు కిలోల పప్పు, అందులో ఒకటి కందిపప్పు, ఇంకోటి ప్రకాశం శనగలు. మద్దతు ధరకు రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ కొన్న సరుకును టెండర్లలో తెగనమ్మే ముందు అదే జిల్లా రేషన్ దుకాణాలకు, అంగన్‌వాడీలకు ఇవ్వాలి. కోతల కాలంలో కూలి రేటు, ఆటో ఖర్చు మాట్లాడుకునేటప్పుడు సాయంత్రం టీతో పాటు గుప్పెడు గుగ్గిళ్లో వేరుశనగ ఉండో కూడా మాట్లాడుకోవచ్చు. మనుషులు దొరక్క అల్లాడే రైతుకు అది పెద్ద ఖర్చు కాదు. లాం ఫారం వాళ్లు జూన్‌లో పత్తి విత్తనాల అమ్మకాలు మొదలయ్యేటప్పుడు షాపుల దగ్గర కంది మినీకిట్లు కూడా పెట్టాలి. చేను చుట్టూ రెండు సాళ్ల కంది వేస్తే ఇంటి పప్పుకు బజారుకు వెళ్లాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇంకొకటి, ఇది కాగితం పని కాబట్టి రేపే మొదలుపెట్టవచ్చు. మార్క్‌ఫెడ్ గోదాముల్లో ఆ నెల ఎన్ని టన్నుల కందులు, శనగలు నిల్వ ఉన్నాయో, అదే నెలలో ఆ జిల్లాలో ఎన్ని రేషన్ దుకాణాల్లో పప్పు ఇవ్వలేదో పక్కపక్క గడుల్లో రాసి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం కలెక్టర్లు ప్రతినెలా అయిదో తేదీన ప్రకటించాలి. మిరపయార్డులో టిక్కీల (మిరప బస్తాల) లెక్క రోజూ సాయంత్రానికల్లా పత్రికలకు అందుతోంది. పప్పు లెక్క నెలకోసారి అందించలేకపోవడానికి కారణం ఏమిటో వాళ్లే చెప్పాలి.